ఈ కథ అద్దెకు ఇవ్వబడదు

కెనడాలో, టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో ఇద్దరు తెలుగువాళ్ళు ఎదురైతే మూడో మాటకు పీఆర్ సంగతి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోయే హక్కు సంగతి, వస్తుంది. మొదటి మాట ఏ ఊరు, రెండోది ఏం చేస్తారు, మూడోది పీఆర్ ఎలా వచ్చింది. ఇండియన్ స్టోర్లో బెండకాయలు ఏరుకుంటూ అడుగుతారు. వ్రతానికి పిలిస్తే ప్రసాదం చేతిలో పెట్టుకుని అడుగుతారు. స్టూడెంట్లు గుంపులు గుంపులుగా దిగిన ఆ రెండు మూడేళ్ళలోనైతే బస్టాపులో ముక్కూ మొహం తెలియని పిల్లలు కూడా అడిగేవారు. వాళ్ళను నేను తప్పుపట్టను. బేస్‌మెంట్‌లో నలుగురైదుగురు సర్దుకుని పడుకుంటూ, పొద్దున కాలేజీ, సాయంత్రం కాఫీ షాపు అంటూ పరిగెత్తే పిల్లలకు అంతకన్నా పెద్ద ప్రశ్న ఏముంటుంది?

నా దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ, అంటే చదువుకూ వయసుకూ పాయింట్లు వేసే దారి, స్కోరు నాలుగు వందల డెబ్బై ఆరు. ఆ అంకెను నేను ఒక పుట్టినరోజు పార్టీలో దొరకబుచ్చుకున్నాను. ఎవరో ఒకాయన తన స్కోరు గొప్పగా చెప్పుకుంటుంటే విని, అందులో ఓ నాలుగు తగ్గించి నాది చేసుకున్నాను. ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో అర బ్యాండు పోయిందని కూడా చెప్పేదాన్ని. అబద్ధంలో కాస్త నష్టం కలిపితే జనం తేలిగ్గా నమ్ముతారు.

నిజం ఏమిటంటే నాకు ఏ స్కోరూ లేదు. నేనూ మా ఆయనా రెఫ్యూజీలుగా ఈ దేశంలో నిలబడ్డాం. డిగ్రీలో మేమిద్దరం క్లాస్‌మేట్లం. ఆయనది మా ఊరి ఎస్సీ కాలనీ, మాది ఊళ్ళో సగం భూములున్న ఇల్లు. రిజిస్టర్ పెళ్ళి చేసుకుని పుణే వెళ్ళిపోయాం. గ్యాస్ కనెక్షన్ కోసం ఇచ్చిన అడ్రసు ఎలాగో సంపాదించి మా ఇద్దరన్నలూ అక్కడికి వచ్చారు. ఇంటి మెట్ల మీద మా ఆయన చెయ్యి విరగ్గొట్టారు. చంపడానికే వచ్చారు, పక్కింటివాళ్ళు తలుపులు తీయడం వల్ల చెయ్యితో ఆగింది. తర్వాత నేను స్టూడెంట్ వీసా మీద, ఆయన నాతోపాటు డిపెండెంట్‌గా కెనడా వచ్చి, ఇక్కడ క్లెయిమ్ వేశాం. హియరింగ్‌లో ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడిగారు, అంత పెద్ద దేశంలో ఇంకో ఊరే దొరకలేదా అని. దొరికింది, అక్కడికీ వచ్చారు అని పోలీసు కాగితాలూ ఆస్పత్రి కాగితాలూ ముందు పెట్టాం. గెలిచాం.

మరి గెలిచినదాన్ని దాచుకోవడం ఎందుకంటే, మనవాళ్ళ నోట్లో రెఫ్యూజీ అన్న మాట వినాలి. ఫలానావాళ్ళు కేసు వేసుకున్నారట అని గొంతు తగ్గించి చెబుతారు, ఏదో చెడ్డ జబ్బు పేరు చెప్పినట్టు. ఆ వెంటనే దేనికట అని వస్తుంది. దానికి జవాబు చెబితే కులం చెప్పాలి, కులం చెబితే ఎవరిది ఏదో తేలాలి. ఇంత దూరం వచ్చి మళ్ళీ ఆ పంచాయితీ ఎవరు పడతారు? అందుకని నాలుగు వందల డెబ్బై ఆరు.

సిటిజన్‌షిప్‌కు అప్లై చేసేటప్పుడు ఒక విషయం తెలిసింది. పీఆర్ రాకముందు ఇక్కడ గడిపిన ప్రతి రోజునూ సగం రోజుగానే లెక్కేస్తారు. హియరింగ్ కోసం ఎదురుచూస్తూ తిండి సహించని రోజులు, ఆయన చెయ్యి సాగక ఫిజియో చేయించుకున్న రోజులు, అన్నీ సగాలు. నా బతుకులో అంత నిండుగా గడిచిన రోజులు ఇంకెప్పుడూ లేవు. ఫారం నింపుతూ ఆ రాత్రంతా... కాదు, రాత్రంతా ఏమీ కాదు, ఓ గంటసేపు తిట్టుకున్నాను. మా ఆయన టీ పెట్టి ఇచ్చాడు.

మా ఇద్దరి ఫైళ్ళూ ఒకేసారి పంపాం. ఇద్దరం టెస్టు పాసయ్యాం. ఆయనది ఎవరూ ఏమీ అడక్కుండానే ముందుకు పోయింది. నాకు మాత్రం ఇంటర్వ్యూ అని ఉత్తరం వచ్చింది. గడువు తీరినవాటితో సహా పాస్‌పోర్టులు, ట్రావెల్ డాక్యుమెంట్లు అన్నీ ఒరిజినల్స్ తెమ్మన్నారు. నా దగ్గర గడువు తీరిన ఇండియన్ పాస్‌పోర్టు ఒకటి, దాని పక్కన రెఫ్యూజీలకు ఇచ్చే నీలం రంగు ట్రావెల్ డాక్యుమెంటు ఒకటి ఉన్నాయి. నీలం దాంట్లో ఇండియా తప్ప అన్ని దేశాలకూ చెల్లుతుందని రాసి ఉంటుంది. ఇండియన్ స్టోర్‌కి వెళ్ళేటప్పుడు అది పొరపాటున హ్యాండ్‌బ్యాగ్‌లో ఉండిపోతే నాకు చెమటలు పట్టేవి.

ఇంటర్వ్యూకు ప్రాక్టీసు చేయిస్తానని మా బేస్‌మెంట్‌లో అద్దెకుంటున్న అమ్మాయి ముందుకొచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. కాలేజీ అయిపోయి వర్క్ పర్మిట్ మీద ఉంది, తెల్లారకముందే లేచి కాఫీ షాపులో పనికి వెళ్ళేది. ఏడాదిన్నరగా మా ఇంట్లో ఉంటోంది. చేరేముందు వాళ్ళమ్మ ఫోన్లో, "మీ ఇంటిపేరేందమ్మా?" అని అడిగింది. నాకు పుట్టింటి పేరే ఉంది కాబట్టి అదే చెప్పాను. "అయితే మనోళ్ళే," అని ఆవిడ నిశ్చింతపడింది. నేను అవునని అనలేదు, కాదనీ అనలేదు. పిల్ల నన్ను అక్కా అనేది, మా ఆయన్ని బావా అనేది. ఆయన షిఫ్టు నుంచి వచ్చేసరికి, "బావా, మీకు పప్పుచారు తీసిపెట్టిన," అని కింది నుంచి కేకేసేది.

ఒక ఆదివారం పొద్దున డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నాం. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను, తను ఫోన్లో ప్రశ్నలు చూసి ఇంగ్లిష్‌లో అడుగుతోంది. ఎక్కడ పని చేస్తున్నారు? వృద్ధాశ్రమంలో. ఎన్నేళ్ళుగా? ఏయే దేశాలు తిరిగారు? ఎక్కడికీ వెళ్ళలేదు. కెనడాలో పర్మనెంట్ రెసిడెంట్ ఎలా అయ్యారు?

"త్రూ ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ. మై స్కోర్ వాజ్ ఫోర్ సెవెంటీ సిక్స్," అన్నాను. చేతిలో కాయ ఆగను కూడా ఆగలేదు.

"సూపర్ అక్కా. గిట్లనే కాన్ఫిడెంట్‌గ చెప్పాలె," అంది ఆ పిల్ల.

అప్పుడు ఆగింది నా చేతిలో కాయ. ఆఫీసరు ముందు ఆ మాట జారితే అది ఆంటీలకు చెప్పిన అబద్ధం కాదు, మిస్‌రిప్రజెంటేషన్, ఉన్న కాగితాలు కూడా ఊడగొట్టే నేరం. నా ఫైలు నిండా నిజం ఉంది, నా నోటి నిండా అబద్ధం ఉంది. ఫైలుకూ నోటికీ పొంతన లేకపోతే వాళ్ళు ఏది నమ్ముతారు? మళ్ళీ అడగమన్నాను. ఆ పిల్ల ఎదురుగా ఉండగా నిజం నోటికి రాదు, అబద్ధం చెప్పడానికి ఇప్పుడు ధైర్యం లేదు. తలనొప్పిగా ఉందని లేచిపోయాను.

తర్వాత మా ఆయన అడిగాడు. ఆయన అడిగితే గడగడా చెప్పాను.

"నాకు చెప్పడం ప్రాక్టీసు కాదు," అన్నాడాయన. "మనవాళ్ళలో ఒక్కరికన్నా చెప్పు. అప్పుడుగానీ నీ నోరు దారిలో పడదు."

"నువ్వు చెప్పావా ఎవరికైనా?"

"నన్నెవరూ అడగరుగా. నిన్ను అడిగి ఊరుకుంటారు," అని నవ్వాడు. అది నిజమే. ఆయన్ని అడిగి ఉంటే మాట ఇంటిపేరు దాకా వచ్చేది, కులం తేలిపోయేది.

మరుసటి శనివారం మధ్యాహ్నం ఆ అమ్మాయి ఒక ప్లాస్టిక్ ఫోల్డరు పట్టుకుని పైకి వచ్చింది. మొహం పీక్కుపోయి ఉంది. వర్క్ పర్మిట్ అయిపోవస్తోంది, స్కోరు చాలడం లేదు, స్కోర్లు చూసి పీఆర్‌కు పిలిచే డ్రాలు చూస్తే ఆశ లేదు. ఎవరో ఫ్రెండు ఒక కన్సల్టెంట్ దగ్గరికి తీసుకెళ్ళిందట. అసైలం కేసు, అదే రెఫ్యూజీ కేసు, వేస్తే తీర్పు వచ్చేదాకా ఏళ్ళు గడుస్తాయి, ఆలోగా పని చేసుకోవచ్చు అన్నాడట అతను.

"స్టోరీ గూడ వాళ్ళే రాసిచ్చిన్రక్కా. నీ ఇంగ్లిష్ మంచిగుంటది గదా, ఒక్కసారి చూసిపెట్టు," అంది.

మూడు పేజీలు. పేర్లూ ఊళ్ళూ తేదీలూ ఉండాల్సిన చోట చుక్కలు. నేను, చుక్కలు, నా ఊరి యువకుణ్ణి ప్రేమించాను, అతనిది తక్కువ కులం. నా సోదరులు మమ్మల్ని చంపుతామన్నారు. మేము చుక్కలు నగరానికి పారిపోయాము. వారు అక్కడికి కూడా వచ్చి అతని చుక్కలు విరగ్గొట్టారు. ఏది విరగ్గొట్టాలో కూడా మనమే పూరించుకోవాలి. చెయ్యో, కాలో, మన ఇష్టం.

రెండోసారి చదివాను. కాగితాన్ని టేబుల్ మీద పెట్టాను.

"దీంట్లో అబ్బాయి ఎవరే?" అన్నాను.

"ఎవ్వరు లేరక్కా. ఏదన్న ఒక పేరు పెట్టమన్నరు. లోయర్ క్యాస్ట్ పేరు లెక్క ఉండాలె అన్నరు."

"మీ అన్న మీద రాస్తావా ఇదంతా?"

"మా అన్న బెంగళూరుల ఉంటడు, ఈగను గూడ కొట్టడు పాపం. ఇద్దరు అన్నలు అని రాస్తే స్ట్రాంగ్‌గ ఉంటదంట."

"నిజంగా ఇట్లా జరిగినవాళ్ళు ఉండరా?"

ఆ పిల్ల ఫోన్ వైపు చూసుకుంటూ మామూలుగా అంది. "ఇప్పుడు ఏడున్నయక్కా గివన్ని. సినిమాలల్ల తప్ప."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటుంటాడు. ఆ రోజు అది ముక్కు మీద ఆగలేదు. గరాజ్‌లో వింటర్ టైర్లు మారుస్తున్న ఆయన్ని పిలిచాను. నూనె చేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"కుడి చెయ్యి చాపు," అన్నాను.

నా మొహం చూశాడు, టేబుల్ మీద కాగితం చూశాడు. చెయ్యి చాపాడు. మోచెయ్యి దగ్గర అది పూర్తిగా సాగదు. చలికాలంలో ఇంకా బిగుసుకుంటుంది.

"ఇది సినిమాలో విరగలేదు," అన్నాను ఆ పిల్లతో. "మా అన్నలు విరిచారు. పుణేలో, మా ఇంటి మెట్ల మీద. నువ్వు రాయబోయే ఇద్దరన్నలు నాకు నిజంగా ఉన్నారు. ఈయన ఎస్సీ. నేను మీ అమ్మ అనుకున్న మనోళ్ళలోనే పుట్టాను, అందుకే విరిచారు."

ఆ పిల్ల ఆయన చేతిని చూసింది, నన్ను చూసింది. "మరి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ?" అంది.

"అబద్ధం. నాకు స్కోరు లేదు. నేను రెఫ్యూజీని."

"ఎందుకక్కా దాచినవ్?"

"ఇప్పుడన్నావే, సినిమాల్లో తప్ప ఎక్కడున్నాయని. ఆ మాట వినలేక."

చెప్పాక నాకే సిగ్గేసింది, కానీ రెఫ్యూజీనని బయటపడినందుకు కాదు. అనుభవించినదాన్నై ఉండి నేను నోరు కుట్టేసుకుని పార్టీల్లో స్కోర్లు చెప్పుకుంటూ తిరిగాను. నోరు తెరిచి చెప్పేవాళ్ళు లేని కథను ఎవడో ఆఫీసు తెరిచి ఖాళీలు పెట్టి అమ్ముకుంటున్నాడు. రేపు ఇంకో పిల్ల నిజంగా పారిపోయి వచ్చి హియరింగ్‌లో కూర్చుంటే, ఈ చుక్కల కాగితాలు పది చదివిన మనిషి ఆమెను నమ్ముతాడా? వాడి మీద కోపం, ఈ పిల్ల మీద కోపం, అన్నిటికన్నా ఆ నాలుగు వందల డెబ్బై ఆరు మీద కోపం.

"కూర్చో," అన్నాను. "మొన్నటి ప్రశ్న మళ్ళీ అడుగు."

"ఇప్పుడా అక్కా?"

"ఇప్పుడే."

కెనడాలో పర్మనెంట్ రెసిడెంట్ ఎలా అయ్యారని అడిగింది. రెఫ్యూజీగా క్లెయిమ్ వేసి గెలిచి అయ్యానని ఇంగ్లిష్‌లో చెప్పాను. మళ్ళీ అడగమన్నాను. మళ్ళీ చెప్పాను. నాలుగోసారికి నా గొంతు నా గొంతులా వినిపించింది. మా ఆయన గుమ్మంలోనే నిలబడి విన్నాడు, తర్వాత టైర్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ పిల్ల ఏడ్చింది. "నేనేం జేయాలె మరి? ఏం మొకం పెట్టుకుని ఇంటికి పోవాలె?"

జాలేసింది. అబద్ధం చెప్పను, నిజంగానే జాలేసింది. ఆ వయసు పిల్లను ఈ దేశమే పిలిచి, చదివించి, పని చేయించుకుని, తీరా ఇప్పుడు దారి లేదనడం అన్యాయమే. మంచి లాయర్ని చూడమన్నాను, చిన్న ఊళ్ళకు వేరే ప్రోగ్రాములు ఉంటాయేమో కనుక్కోమన్నాను. "నీది నిజమైన కష్టమే. కానీ అది వేరే కష్టం," అన్నాను. "నీకు నిజంగా ప్రాణభయం ఉంటే నీ భయం రాసుకో, నేనే దగ్గరుండి ఇంగ్లిష్ దిద్దుతాను. ఇది మాత్రం నాది. బేస్‌మెంట్ అద్దెకిచ్చాను గానీ ఇది అద్దెకివ్వను." కాగితాలు ఫోల్డర్లో పెట్టి తన చేతికే ఇచ్చాను. చింపడం నా పని కాదనిపించింది.

మర్నాడు ఉదయం మెట్ల దగ్గర మా ఆయన ఎదురుపడితే ఆ పిల్ల పక్కకు తప్పుకుని, "గుడ్ మార్నింగ్ సార్," అంది.

ఏడాదిన్నర పాటు బావా అని పిలిచిన మనిషిని. ఆయన లోపలికి వచ్చి, కాఫీ కలుపుకుంటూ, "నాకు ప్రమోషన్ వచ్చింది," అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కిందికి వెళ్ళి ఆ పిల్లను నిలదీద్దామని లేస్తే ఆయన వద్దన్నాడు. బలవంతాన అనిపించుకునే వరస ఏం వరస అన్నాడు. నేను కూర్చుండిపోయాను. ఆ సార్ అన్న మాట మా అన్నలు తిట్టిన తిట్లకన్నా మర్యాదగా ఉంది, అంతే తేడా.

నెలాఖరుకు ఆ పిల్ల కిచెనర్ అనే ఊళ్ళో ఫ్రెండ్స్ దగ్గరికి మారిపోయింది. పని అక్కడ దొరికిందని చెప్పింది, దొరికే ఉండొచ్చు. వెళ్ళేటప్పుడు నన్ను గట్టిగా పట్టుకుని, "ఇంటర్వ్యూ మంచిగ చెయ్యి అక్కా," అంది. కేసు వేసిందో లేదో నేను అడగలేదు. బేస్‌మెంట్ ఖాళీ అని వాట్సాప్ గ్రూపులో పెడితే ఫోన్లు బాగానే వచ్చాయి. ఇంటిపేరు అడిగినవాళ్ళకు నాదీ మా ఆయనదీ రెండూ చెప్పాను. కొందరు మళ్ళీ చేస్తామన్నారు. చేయలేదు. ఇంటర్వ్యూ రోజుకు కింది గది ఖాళీగానే ఉంది.

ఇంటర్వ్యూ గది చాలా చిన్నది. ఒక టేబుల్, రెండు కుర్చీలు, ఒక కంప్యూటర్. ఆఫీసరు యాభై దాటిన ఆవిడ, కళ్ళజోడు మెడలో గొలుసుకు వేలాడుతోంది. పాస్‌పోర్టు తీసుకుంది, నీలం డాక్యుమెంటు తీసుకుంది, పేజీలన్నీ తిప్పింది. కెనడాలో దిగినప్పటి ముద్ర తర్వాత ఏ పేజీలోనూ ఇంకో ముద్ర లేదు. ఇన్నేళ్ళలో దేశం బయట ఒక్క రోజు కూడా లేరా అని అడిగింది. లేనన్నాను. పాస్‌పోర్టు ఎందుకు రెన్యూ చేయించుకోలేదని అడిగింది. అది ఉన్నప్పుడు నన్ను కాపాడలేదు అన్నాను. టకటకా ఏదో టైప్ చేసింది.

తర్వాత అడిగింది, పర్మనెంట్ రెసిడెంట్ ఎలా అయ్యారు?

నోరు ఒక్క క్షణం పాత దారి వైపు తిరిగింది. అబద్ధమాడను, తిరిగింది. దాన్ని వెనక్కి లాగి, "నేను రెఫ్యూజీగా వచ్చాను," అన్నాను. "హియరింగ్‌లో గెలిచాను. ఎందుకు రావాల్సివచ్చిందంటే..."

ఆవిడ చెయ్యి ఎత్తి సున్నితంగా ఆపింది. ఆ సంగతులు ఇక్కడ చెప్పనక్కర్లేదంది. అంతా ఫైల్లోనే ఉంది, మిమ్మల్ని మళ్ళీ బాధపెట్టడం మాకిష్టం లేదంది. దయగానే అంది. సంతకం పెట్టాల్సిన కాగితం నా ముందుకు జరిపింది. సంతకం పెట్టి లేచి వస్తే అయిపోయేది, ఇన్ని నెలల భయం ఐదు నిమిషాల్లో తీరిపోయేది.

నేను పెన్ను పక్కన పెట్టాను.

"ఫైల్లో ఉందని తెలుసు మేడమ్," అన్నాను. "చెప్పనక్కర్లేదనీ తెలుసు. కానీ ఈ దేశంలో నేను ఇన్నాళ్ళూ ఇది ఎవరికీ చెప్పకుండా బతికాను. సిటిజన్‌గా అలా బతకను. మీకు రెండు నిమిషాలుంటే చెబుతాను."

ఆవిడ గోడ మీద గడియారం చూసింది. కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పండి అంది.

నేను మా అన్నల పేర్లతో మొదలుపెట్టాను.